సిగ్నల్ దగ్గర ఆగితే కారు వణుకుతోంది, కదిలితే మామూలే. మౌంటింగులేనా, ఇంకేమైనానా?

కొర్లగుంట కారు:
అందరికీ నమస్కారం. నాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్, 2016 మోడల్, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈ మధ్య తిరుపతి లీలామహల్ సర్కిల్‌లో సిగ్నల్ పడి ఆగితే చాలు, స్టీరింగూ సీటూ లోపలి అద్దమూ అన్నీ వణుకుతున్నాయి. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. బండి కదిలాక పెద్దగా తెలియదు. మా వీధి చివర షెడ్డులో బానెట్ ఎత్తి చూసి, ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) మూడూ పోయాయి, మార్చేద్దాం, పన్నెండు వేల దాకా అవుతుంది అన్నారు. స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టలేదు. అంత డబ్బు పెట్టాక కూడా వణుకు అలాగే ఉంటే ఏం చేయాలని టెన్షన్‌గా ఉంది. పైగా అమ్మానాన్నలను తిరుమల కొండకు తీసుకెళ్ళాలి. మీలో ఎవరికైనా ఇలా వచ్చిందా?

చిత్తూరు షెడ్డు:
తమ్ముడూ, ఇప్పుడే ఏదీ మార్పించొద్దు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఏసీ ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే) ముల్లు చూడు. పెట్రోల్ బండికి మామూలుగా 700 నుంచి 900 మధ్య ఉంటుంది. ముల్లు ఒకే చోట నిలబడి బాడీ మాత్రం వణికితే మౌంటింగ్ మీద అనుమానపడాలి. అంటే ఇంజిన్ సరిగానే తిరుగుతోంది, దాని కదలికను ఆపాల్సిన రబ్బరు ఆపడం లేదు. ముల్లు కిందికీ పైకీ ఊగుతుంటే మాత్రం తేడా ఇంజిన్ లోపలే. మిస్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం, కొంచెమే అయితే ముల్లులో కనపడదు. అప్పుడు సైలెన్సర్ వెనక నిలబడి విను. పొగ గొట్టం చప్పుడు ఒకే లయలో రావాలి. మధ్య మధ్య ‘ఫట్’మని తప్పుతుంటే ఒక సిలిండర్ పని చేయడం లేదు. పల్లకి మోసే నలుగురిలో ఒకరు అడుగు తప్పితే పల్లకి మొత్తం ఊగుతుంది కదా, అంతే.

ఇంకో మూడు సంగతులు చెప్పు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువా, వేడెక్కాక ఎక్కువా? చెక్ ఇంజిన్ లైటు ఎప్పుడైనా వెలిగిందా? ఘాట్ ఎక్కేటప్పుడు జర్కులు ఉన్నాయా?

పాకాల పెట్రోల్:
అన్న ఘాట్ గురించి ఎందుకు అడిగారో నాకు అర్థమైంది, నా బండి విషయంలో అదే దారి చూపించింది. నాకూ ఆగినప్పుడు ఇదే వణుకు. ఒక షెడ్డులో థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే భాగం) కడిగారు, ప్లగ్గులు మార్చారు, తేడా రాలేదు. కానీ రెండో ఘాట్‌లో ఎంత లోడు మీద ఎక్కినా బండి వెన్నలా పోయేది. చివరికి తేలిందేమిటంటే, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి (సిలిండర్లకి గాలి పంచే భాగం) వెళ్ళే పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లను తీసుకెళ్ళేది) వంపు దగ్గర అడుగున పగిలింది. పైనుంచి చూస్తే బాగానే ఉంది. వేలితో వంచితే నెర్రె కనపడింది. ఎండలకి రబ్బరు గట్టిపడి అలా అవుతుందట.

ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి మానిఫోల్డ్‌లో లాగుడు ఎక్కువ. దొంగతనంగా దూరే గాలి అప్పుడే ఎక్కువ ప్రభావం చూపిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే అసలు గాలే బోలెడు వస్తుంది, ఆ కాస్తా లెక్కలోకి రాదు. నా బండికి స్కానర్ పెడితే పీ0171 కోడ్ ఉంది, అంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత సర్దుతోందనే లెక్క, ఐడ్లింగ్‌లో ప్లస్ 18 శాతం చూపించి, 2500 ఆర్పీఎం దగ్గర మామూలుకి వచ్చేసింది. గొట్టం మార్చాక అన్నీ సర్దుకున్నాయి. చాలా చిన్న ఖర్చు.

చంద్రగిరి టీచర్:
బ్రేక్ బూస్టర్ (ఇంజిన్ లాగుడుతో బ్రేక్ తొక్కడాన్ని తేలిక చేసేది) గొట్టం కూడా చూడండి. మా కారుకి లీకు అక్కడే. ఇంజిన్ ఆపి బ్రేక్ పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, చివరిసారి తొక్కి పట్టుకుని స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. మాకు దిగలేదు, పైగా కాలి దగ్గర బుస్సుమని శబ్దం. ఇది బ్రేకుల సంగతి కాబట్టి పెద్దవాళ్ళతో ఘాట్ ప్రయాణం ముందు తప్పకుండా చూసుకోవాలి.

కొర్లగుంట కారు:
చాలా థాంక్స్ అన్నా, మేడమ్. చూశాను. ముల్లు 800 దగ్గర ఉంటూ ఉన్నట్టుండి 600కి పడి లేస్తోంది. చల్లగా ఉన్నప్పుడూ ఉంది, వేడెక్కాక ఇంకా పెరుగుతోంది. పెడల్ పరీక్ష బాగానే వచ్చింది. చెక్ లైటు విషయం ఇప్పుడు గుర్తొచ్చింది. పోయినసారి కొండ ఎక్కేటప్పుడు సెకండ్ గేర్‌లో లాగుతుంటే జర్కులు వచ్చాయి, లైటు కాసేపు టకటకా మెరిసి, తర్వాత నిలకడగా వెలిగింది. మర్నాటికి ఆరిపోయింది. అందుకే పట్టించుకోలేదు.

చిత్తూరు షెడ్డు:
లైటు మెరవడం చిన్న విషయం కాదు తమ్ముడూ. నిలకడగా వెలిగితే నిదానంగా చూపించుకోవచ్చు. మెరుస్తోందంటే మిస్‌ఫైర్ గట్టిగా ఉందని, కాలని పెట్రోల్ కెటలిటిక్ కన్వర్టర్‌లోకి (పొగను శుభ్రం చేసే భాగం) పోతోందని అర్థం. అది అక్కడ కాలి కన్వర్టర్‌ని పాడు చేస్తుంది. కన్వర్టర్ ఖర్చు ముందు నీ మౌంటింగులు ఏ మూలకి? ఇది తేలేదాకా కొండకు ఈ బండి వద్దు, బస్సులో వెళ్ళిరండి.

లోడు మీద జర్కులు ఉన్నాయి కాబట్టి గాలి లీకు కాకపోవచ్చు. కాయిల్ (ప్లగ్గుకి స్పార్క్ కోసం కరెంటు ఇచ్చేది) లేదా ప్లగ్గు వైపే చూస్తాను నేను. లైటు ఆరినా కోడ్ కంప్యూటర్‌లో ఉండే అవకాశం ఉంది. స్కానర్ పెట్టించు. పీ0300 వస్తే మిస్‌ఫైర్ అన్ని సిలిండర్లలో అటూ ఇటూ తిరుగుతోందని. పీ0301 నుంచి పీ0304 వరకు ఏదైనా వస్తే చివరి అంకే సిలిండర్ నంబరు. నీ మోడల్‌లో ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ ఉంటే పని సులువు. ఇంజిన్ ఆపి, కోడ్ వచ్చిన సిలిండర్ కాయిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చి, కోడ్ చెరిపేసి, కాసేపు నడిపి మళ్ళీ చదివించు. కోడ్ కాయిల్ వెంట కదిలితే కాయిల్ పోయినట్టు. అక్కడే ఉంటే ప్లగ్గు, ఆ తర్వాత ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్. ఇంజిన్ తిరుగుతుండగా ఒక్కో కనెక్టర్ పీకి చూడటం మా పాత పద్ధతి. ఇప్పటి బండ్లకి దాన్ని సాగదీయొద్దు. కాలని పెట్రోల్ మళ్ళీ కన్వర్టర్‌లోకే పోతుంది.

పుత్తూరు సీఎన్జీ:
సీఎన్జీ కిట్టు ఉన్నవాళ్ళకి ఒక మాట. పెట్రోల్ మీద మెత్తగా ఉండి గ్యాస్ మీద మాత్రమే వణికితే ముందు ప్లగ్గులు విప్పి చూడండి. గ్యాస్‌ని అంటించడానికి స్పార్క్ గట్టిగా ఉండాలి. ప్లగ్గు అరిగి గ్యాప్ పెరిగితే పెట్రోల్ ఇంకా సర్దుకుంటుంది, గ్యాస్ సర్దుకోదు. నా టాక్సీలో ప్రతిసారీ ప్లగ్గుల అరుగుదల ముందు గ్యాస్ మీదే బయటపడుతుంది. ప్లగ్గులు బాగుంటే అప్పుడు గ్యాస్ ఫిల్టరు, ట్యూనింగ్.

పలమనేరు:
వానల్లో పెట్రోల్ పోయించిన వెంటనే వణుకు మొదలైతే నీళ్ళ అనుమానం కూడా పెట్టుకోండి. ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకి దిగుతాయి, పంపు లాగేది అక్కడి నుంచే. నా బండి ఆగినప్పుడే కాదు, నడిచేటప్పుడూ తడబడింది. ట్యాంకు దింపి కడిగిస్తే తగ్గింది.

కొర్లగుంట కారు:
తేలింది. స్కానర్‌లో పీ0302. రేణిగుంట రోడ్డులో ఇంకో మెకానిక్ అన్న నా ముందే రెండో కాయిల్‌ని మూడో దానికి మార్చి, కోడ్ చెరిపి, కరకంబాడి దాకా నడిపి వచ్చాం. ఈసారి పీ0303. కోడ్ కాయిల్ వెంట వెళ్ళడం కళ్ళారా చూశాక ఇక అనుమానమే లేదు. కొత్త కాయిల్, నాలుగు ప్లగ్గులు వేశారు. పాత ప్లగ్గుల మొనలు బాగా అరిగి గుండ్రంగా ఉన్నాయి. ముల్లు ఇప్పుడు నిలబడింది. ఆ పెద్ద కుదుపు లేదు.

కానీ ఏసీ వేసి ఆగితే సన్నటి వణుకు ఇంకా ఉంది. మౌంటింగులు కూడా చూడమన్నాను. హ్యాండ్ బ్రేకూ కాలి బ్రేకూ గట్టిగా పట్టి, ఫస్ట్ గేర్‌లో క్లచ్ కొంచెం వదిలితే ఇంజిన్ కుడివైపు బాగా పైకి లేస్తోంది. రివర్స్‌లో అలా లేదు. కుడి మౌంటింగ్ రబ్బరు చీలి ఉంది. మిగతా రెండూ గట్టిగా ఉన్నాయి. అది ఒక్కటే ఆర్డర్ పెట్టాం.

తిరుచానూరు కొత్త బండి:
మాది కొత్త బండి, మూడు సిలిండర్లు. ఆగినప్పుడు సన్నగా అదురుతోంది, ముల్లు కదలదు, జర్కులు లేవు. ఇదీ చూపించాలా?

చిత్తూరు షెడ్డు:
సార్, ఆల్టో కె10, టియాగో లాంటి మూడు సిలిండర్ల బండ్లలో సన్నటి అదురు ఇంజిన్ తీరులోనే ఉంటుంది. అదే మోడల్ బండి ఇంకొకటి పక్కన నిలబెట్టి పోల్చి చూడండి. రెండూ ఒకటే అయితే ఖర్చు పెట్టొద్దు. మొదటి నుంచీ లేనిది కొత్తగా వస్తే, లేదా నెలనెలా పెరుగుతుంటే అప్పుడు చూపించండి.

కొర్లగుంట తమ్ముడూ, సంతోషం. ఒక్క సంగతి మాత్రం ఆ అన్నని అడుగు. పాత కాయిల్ తీసినప్పుడు ప్లగ్గు గుంతలో ఆయిల్ ఉందా? టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్ గట్టిపడితే ఆయిల్ ఆ గుంతలోకి దిగి కాయిల్ రబ్బరుని మెత్తబరుస్తుంది, స్పార్క్ పక్కకి కొడుతుంది. ఆయుధ పూజకి ఇంజిన్ మీద ప్రెజర్ వాటర్ కొట్టించినా ఆ గుంతలోనే నీళ్ళు నిలుస్తాయి. పండగ తర్వాత వారం మా షెడ్డుకి వణుకుతూ వచ్చే బండ్లు చాలావరకు అవే. గుంత పొడిగా ఉంటే నిశ్చింతగా ఉండు. ఆయిల్ ఉంటే మౌంటింగ్ వేసే రోజే ప్యాకింగ్ కూడా మార్పించు, లేకపోతే కొత్త కాయిల్ కూడా అలాగే పోతుంది.

కొర్లగుంట కారు:
ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను అన్నా. రెండో గుంతలో కొంచెం ఆయిల్ తడి ఉందట, తుడిచి కాయిల్ పెట్టారట. మౌంటింగ్‌తో పాటు ప్యాకింగ్ కూడా తెప్పించమన్నాను.