మిర్చి కొట్లో గుమాస్తాకి ఏం పేరు పెట్టాలి?

కథ రాస్తున్నానండీ. 1975 ప్రాంతం, గుంటూరు. మిర్చి కొట్లో గుమాస్తా, యాభై ఏళ్ల మనిషి, సొంతూరు నరసరావుపేట పక్కన. ఆదిత్య అని పెట్టాను. మా ఆవిడ చదివి "ఈయన సాఫ్ట్‌వేరా?" అంది. సలహా చెప్పండి.

— ఆవిడ మాటే రైటు. నరసరావుపేట పక్కన అంటున్నారు, కోటప్పకొండ కనపడుతూనే ఉంటుంది కదా! కోటయ్య, కోటేశ్వరరావు, కోటేశ్వరమ్మ లేని వీధి ఉండదక్కడ. మంగళగిరి మనిషైతే పానకాలు. పొన్నూరు, బాపట్ల అయితే భావనారాయణ. పెనుగంచిప్రోలు వైపైతే తిరుపతమ్మ, గోపయ్య. గుంటూరు కాలే మస్తాన్ దర్గాకి మొక్కుకుని పుట్టారని హిందువుల ఇళ్లలోనూ మస్తాన్‌రావు, మస్తానమ్మ అని పెట్టుకుంటారు. ఆ పేరు పెడితే మొక్కు సంగతి మీరు వేరే చెప్పక్కర్లేదు.

— అన్నీ దేవుళ్లవేనా మాస్టారూ? మా బెజవాడ నాస్తికుడు గోరాగారు ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని, యుద్ధం మొదలైన 1939లో పుట్టినాయనకి సమరం అని పెట్టారు. కమ్యూనిస్టు ఇళ్లలో లెనిన్‌లు, స్టాలిన్‌లు సరేసరి. గుమాస్తా తండ్రి ఎలాంటివాడో ముందు తేల్చుకోండి.

— తండ్రి కోటప్పకొండ తిరునాళ్లకి ప్రభ కట్టించే రకమే. కోటేశ్వరరావు ఖాయం. యజమాని వెంకటేశ్వరరావు, అల్లుడు నాగేశ్వరరావు అనుకుంటున్నా.

— బాబ్బాబు, ముగ్గురు ఈశ్వరరావులా! ఎవరు ఎవరికి అప్పున్నారో రెండో పేజీలోనే మర్చిపోతాం. నిజం ఊళ్లో ఉంటారు, కాదనను. కథలో ఒక్కరు చాలు.

— నేనైతే రికార్డులో పేరుకన్నా పిలుపు చూస్తాను. యజమాని "ఏమయ్యా కోటయ్యా" అంటాడు. ముఠా కూలీలు "గుమాస్తాగారూ". తల్లి "ఒరే కోటీ". భార్య "ఏవండీ" అంటుందే తప్ప పేరెత్తదు, పక్కింటావిడతోనైతే "మా ఆయన" అంటుంది. కోటేశ్వరరావు అని పూర్తిగా పలికేది కోర్టు బంట్రోతు ఒక్కడే. కథలో కోర్టు ఉందా?

— ఉంది! బాకీ దావా.

— ఇంటిపేరు మాత్రం రాయకండి. కులం లెక్కలు మొదలవుతాయి.

— రాయకపోయినా అడుగుతారు లెండి.

— మనవరాలి సంగతి మర్చిపోకండి బాబూ. నానమ్మ పేరు పెడతారు, ఆ పేరు పెట్టి కోడలు పిలవలేదు, తిట్టడం అసలే కుదరదు. అందుకే ఇంట్లో పిలవడానికి ఇంకోటి పుడుతుంది. మా ఇంట్లో నేను అలా బేబీనయ్యాను, అరవై దాటినా బేబీపిన్నినే.

— అయితే గుమాస్తా భార్య మంగళగిరి ఆడపడుచు, రాజ్యలక్ష్మి. మనవరాలిదీ అదే పేరు, పిలిచేది బుజ్జి. యజమాని భావనారాయణ. అల్లుడే మిగిలాడు.

— అల్లుడిది ఏ ఊరు?

— తెనాలి.

— అయితే ముందు ఆయన నాటకాలాడతాడో లేదో చెప్పండి, పేరు తర్వాత చూద్దాం.