అమెరికాకు సంబంధం లేని సరుకుకూ ధర డాలర్లలోనే ఎందుకు?

ప్రశ్న

కొలంబియా కాఫీని జపాన్ కొన్నా, థాయిలాండ్ సరుకు బ్రెజిల్‌కు వెళ్లినా, ఇన్‌వాయిస్ చాలావరకు డాలర్లలోనే తయారవుతుంది. ప్రపంచ వాణిజ్యంలో అమెరికా వాటా సుమారు పదో వంతు కాగా, డాలర్లలో ధర కట్టే వాణిజ్యం దాదాపు 40 శాతం ఉంటుందని చదివాను. ధరను ఏ కరెన్సీలో రాసుకున్నా మారకం రేటు ప్రకారం చివరికి లెక్క ఒకటే అవుతుంది కదా? అలాంటప్పుడు దీనికి ఇంత ప్రాధాన్యం ఎందుకిస్తున్నారో అర్థం కావడం లేదు.

మొదటి సమాధానం

ముందు బ్యాంకు డీలర్ వైపు నుంచి చూడండి. థాయ్ బాత్‌లిచ్చి బ్రెజిల్ రియల్ తీసుకునేవారు చాలా తక్కువ కాబట్టి, ఆ జంటకు నేరుగా రేటు చెప్పాలంటే డీలర్ కొనుగోలు, అమ్మకం ధరల మధ్య ఎక్కువ తేడా ఉంచుకోవాల్సి వస్తుంది. బాత్‌లను డాలర్లుగా, ఆ డాలర్లను రియల్‌గా మార్చడానికి రెండు లావాదేవీలైనా ఖర్చు తక్కువే. కేంద్ర బ్యాంకుల ఉమ్మడి సంస్థ అయిన అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు 2022 సర్వే ప్రకారం, విదేశీ మారక లావాదేవీల్లో 88 శాతంలో ఒక పక్క డాలరే ఉంది. అందరూ వాడుతున్నారు కాబట్టి చౌక, చౌక కాబట్టే అందరూ వాడుతున్నారు.

రెండో సమాధానం

పై వివరణ సరైనదే గానీ, లెక్క ఒకటే అవుతుందన్న అసలు సందేహానికి అది జవాబు కాదు. లెక్క ఒకటి కాదు. ఎందుకంటే ఇన్‌వాయిస్‌లో రాసిన ధర వెంటనే మారదు. 2014 తర్వాత చమురు ధరలు పడిపోయినప్పుడు కొలంబియా పెసో విలువ బాగా తగ్గింది. స్వదేశీ కరెన్సీ బలహీనపడితే ఎగుమతులు చౌకై గిరాకీ పెరుగుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కానీ కొలంబియా ఎగుమతులకు దాదాపు అన్నిటికీ ధర డాలర్లలోనే ఉండటంతో, విదేశీ కొనుగోలుదారుకు అవి చౌకగా కనిపించలేదు. దిగుమతుల ధరలూ డాలర్లలోనే ఉన్నందున, పెసోల్లో అవి మాత్రం వెంటనే ప్రియమయ్యాయి. అంటే సర్దుబాటు భారమంతా దిగుమతుల తగ్గుదల మీదే పడుతుంది. ఆర్థికవేత్త గీతా గోపీనాథ్, ఆమె సహ పరిశోధకులు ‘ఆధిపత్య కరెన్సీ’ పేరుతో ప్రతిపాదించిన వాదం సారాంశం ఇదే.

వాణిజ్యం కన్నా అప్పుల్లో ఈ తేడా మరింత కఠినంగా తెలుస్తుంది. 1997 జులై 2న థాయిలాండ్ తన కరెన్సీని మార్కెట్‌కు వదిలేసినప్పుడు డాలరుకు సుమారు 25 బాత్‌లుగా ఉన్న రేటు, 1998 జనవరికల్లా 50 దాటింది. డాలర్లలో అప్పు తెచ్చి, బాత్‌లలో ఆదాయం పొందే కంపెనీ ఒక్క డాలరు కూడా కొత్తగా అప్పు చేయకుండానే, తన బాకీ రెట్టింపు కావడం చూసింది. అంతకుముందు, పాల్ వోల్కర్ అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ అధ్యక్షుడిగా అమెరికా ద్రవ్యోల్బణాన్ని అణచడానికి వడ్డీరేట్లను 20 శాతం దాకా తీసుకెళ్లారు. డాలర్లలో తెచ్చిన అప్పులపై ఆ వడ్డీ భారం మోయలేక 1982 ఆగస్టులో మెక్సికో అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. వడ్డీరేట్లు పెంచినవారు చూసుకున్నది అమెరికా పరిస్థితిని మాత్రమే; చట్టం ప్రకారం వారు చూసుకోవాల్సినవీ అమెరికా ధరలు, ఉద్యోగాలే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే ఇంత ఇబ్బంది ఉన్నప్పుడు యూరోకో, యువాన్‌కో మారకుండా ఆపుతున్నదేమిటి?

మూడో సమాధానం

మారడం బొత్తిగా జరగడం లేదనుకోవడం పొరపాటు. కేంద్ర బ్యాంకుల విదేశీ మారక నిల్వల్లో డాలరు వాటా 2000 ప్రాంతంలో 70 శాతం పైన ఉండేది, ఇప్పుడు 60 లోపుకు వచ్చింది. అయితే ఆ జారిన వాటాలో ఎక్కువ భాగం యువాన్‌కు చేరలేదు. కెనడా, ఆస్ట్రేలియా డాలర్లు, కొరియా వాన్ వంటి చిన్న కరెన్సీలకు చేరింది. ఉక్రెయిన్ యుద్ధం కారణంగా 2022లో రష్యా కేంద్ర బ్యాంకు నిల్వలను అమెరికా స్తంభింపజేశాక డాలరు పని అయిపోయిందని చాలామంది అన్నారు. ఆ ఆంక్షల్లో యూరో దేశాలు, బ్రిటన్, జపాన్ కూడా పాల్గొన్నాయన్న సంగతి ఆ వాదనలో ఎందుకో కనిపించదు.

ప్రపంచం తన కరెన్సీని దాచుకోవాలనుకునే దేశం, ఆ సొమ్మును ఎప్పుడైనా వెనక్కి తీసుకెళ్లే స్వేచ్ఛ విదేశీయులకు ఇవ్వాలి. పెట్టుబడుల రాకపోకలపై పట్టు వదలడానికి చైనా ప్రభుత్వం సిద్ధంగా లేదు. యూరోకు ఆ చిక్కు లేకపోయినా, అమెరికా ట్రెజరీ బాండ్లంత విస్తారమైన ఒకే ప్రభుత్వ బాండ్ల మార్కెట్ దాని వెనుక లేదు. ఒక్కో సభ్యదేశానిది ఒక్కో బాండు. పైగా 2008లోనూ, 2020లోనూ డాలర్ల కొరత వచ్చినప్పుడు ఎంపిక చేసిన కేంద్ర బ్యాంకులకు ఫెడరల్ రిజర్వ్ స్వాప్ (కరెన్సీల తాత్కాలిక మార్పిడి) ఒప్పందాల ద్వారా డాలర్లు సమకూర్చింది. ఆ జాబితాలో చోటు దక్కని దేశాలు పెద్ద నిల్వలు పోగేసుకోవడానికి ఒక కారణం ఇదేనని నా అభిప్రాయం; ఆ నిల్వల్లోనూ పెద్ద భాగం డాలర్లే.