భాకరాపేట ఘాట్‌లో రాత్రి కనపడిన జంతువు ఏదై ఉంటుంది? మన కొండల్లో మీరూ ఏమైనా చూసుంటే రాయండి

మదనపల్లె లోడ్:
అందరికీ నమస్కారం. మదనపల్లె మార్కెట్ నుంచి టమాటా లోడు వేసుకుని రాత్రిపూట తిరుపతి వైపు బండి నడుపుతుంటాను. పోయిన వారం భాకరాపేట ఘాట్‌లో దిగుతున్నాను. టైము రెండు దాటి ఉంటుంది. మలుపు తిరగ్గానే లైటు వెలుగులోకి ఒక జంతువు వచ్చింది. ముందు భాగం ఎత్తుగా ఉంది, నడుము వెనక్కి వాలిపోయినట్టు ఉంది. మెడ మీద నుంచి వీపు దాకా జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. కాళ్ళ మీద అడ్డంగా నల్ల చారలు. పరిగెత్తలేదు. తల దించుకుని నిదానంగా రోడ్డు దాటి మోరీ పక్కన కిందికి దిగిపోయింది. దిగే ముందు ఒకసారి మా వైపు చూసింది, కళ్ళు పచ్చగా మెరిశాయి.

ఈ రోడ్డు మీద చిరుతల్ని చూసినవాణ్ణే, ఇది చిరుత కాదు. నక్క అందామంటే దానికి రెండింతలు ఉంది. వాట్సాప్ గ్రూపులో పెడితే ఒకాయన చీతా అన్నాడు, ఇంకొకాయన నిద్రమత్తు అన్నాడు. క్లీనర్ తమ్ముడు కూడా చూశాడు, ఇద్దరికీ ఒకేసారి ఒకే మత్తు రాదు కదా. తెలిసినవాళ్ళు చెప్పండి.

తలకోన తమ్ముడు:
అన్నా, ముందు ఒక మాట. ఏ మలుపు, ఏ మోరీ అన్నది ఇక్కడ రాయొద్దు. ఉచ్చులు పెట్టేవాళ్ళూ ఇవన్నీ చదువుతారు.

చీతా అన్నాయన సంగతి. చీతా ఒంటి మీద ఉండేవి విడివిడి నల్ల చుక్కలు, చారలు కావు. తల చిన్నది, నడుము సన్నం, కంటి మూల నుంచి నోటి దాకా కన్నీటి చారలాగా నల్ల గీత దిగుతుంది. మీరు చెప్పిన దానికీ దీనికీ పొంతన లేదు.

అయితే చిత్తూరు పేరు, చీతా పేరు కలిపి అంటే నవ్వి కొట్టిపారేయడానికి లేదు. మన దేశంలో చివరి మూడు చీతాల్ని 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కొరియా సంస్థానం రాజు కాల్చి చంపాడని అందరూ చదివే ఉంటారు. 1952లో దేశంలో చీతా అంతరించిందని ప్రకటించారు. అదే 1952లో, చిత్తూరు జిల్లాలో చీతా కనపడిందని కిర్క్‌ప్యాట్రిక్ అనే ఆయన రాసిన నోటు బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో అచ్చయింది. అప్పుడు చిత్తూరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. లేదని చెప్పిన ఏడాదే మన జిల్లా పేరుతో ఉందన్న కబురు! ఆ ఒక్క చూపును పట్టుకుని ఇప్పుడూ ఉందని మాత్రం నేననను. దానికి పరిగెత్తడానికి విశాలమైన బయలు, వేటకి జింకలు కావాలి. 2022లో నమీబియా నుంచి తెచ్చిన ఎనిమిదింటిని మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు, ఇప్పుడు చీతా అంటే అక్కడ మాట.

అలిపిరి నడక:
లోడ్ అన్నా, తోక పొడుగెంత ఉంది? కుచ్చులా ఉందా, సన్నగా ఉందా? అది చెప్తే సగం తేలుతుంది.

నేను తిరుపతివాణ్ణే, నడకదారిలో తరచుగా కొండెక్కుతాను. 2023లో చిరుత దాడిలో చిన్నపాప చనిపోయిన తర్వాత బోన్లు పెట్టి వరసగా చిరుతల్ని పట్టారు. అప్పట్నుంచి ఊళ్ళో చీకట్లో ఏది కదిలినా చిరుతే. పునుగు పిల్లి వీడియోకి కూడా చిరుత పిల్ల అని పేరు పెట్టి పంపించారు. స్వామి అభిషేకానికి తైలం ఇచ్చే జంతువు మన ఊరివాళ్ళకే గుర్తు తెలియకపోతే ఎట్లా? భయం తప్పని నేననను, ఆ పాప సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. కానీ అన్నిటికీ ఒకే పేరు పెడితే నిజంగా చిరుత వచ్చిన రోజు కూడా ఎవరూ పట్టించుకోరు.

ఇంకొకటి. శేషాచలంలో ఎగిరే పాముందని కట్టెలకు పోయేవాళ్ళు చెప్తే నమ్మనివాళ్ళే ఎక్కువ. అలాంటి పామే ఇక్కడ దొరికింది. శ్రీలంకలో తప్ప ఎక్కడా లేదనుకున్న జాతి శేషాచలంలో ఉందని 2015లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. రెక్కలేమీ ఉండవు. కొమ్మ మీద నుంచి దూకేటప్పుడు పక్కటెముకలు విప్పి ఒళ్ళు పలకలాగా చేసుకుని జారుకుంటూ వస్తుంది. కింద నిలబడ్డవాళ్ళు దాన్ని ఎగరడం అనక ఏమంటారు?

కుప్పం టీచర్:
కౌండిన్య వైపు నుంచి రాస్తున్నాను. మా నాన్నగారి చిన్నప్పుడు ఏనుగు అంటే గుడి ఏనుగు, సర్కస్ ఏనుగు. 1980 దశకంలో తమిళనాడు అడవుల నుంచి ఏనుగులు ఇటు దిగేసరికి, రాగి చేను తొక్కిన అడుగు చూసి ఇదేం జంతువని ఊరంతా గుమిగూడారట. మొదట చెప్పినతన్ని ఎవరూ నమ్మలేదని నాన్న ఇప్పటికీ అంటారు. అప్పటికి ఆంధ్రలో దాదాపు రెండు వందల ఏళ్ళుగా అడవి ఏనుగులు లేవు మరి. 1990లో వాటి కోసమే కౌండిన్య అభయారణ్యం వచ్చింది. లేవనుకున్నవి వస్తాయి, మా మండలాల రైతులకు ఇది బాగా తెలుసు. పంట పోయినవాళ్ళకి అదేమీ సంబరం కాదు, అదీ రాయాలి.

మీ అందరికీ చెప్పాలనుకున్నది దేవాంగ పిల్లి గురించి. మా చేను గట్టు మీద చింతచెట్టులో రెండు నిప్పుకణికలు మెల్లగా కొమ్మ మారుతున్నాయని కూలివాళ్ళు ఆ దారినే మానేశారు. మా తమ్ముడు ఎర్ర కాగితం చుట్టిన టార్చి తీసుకొచ్చాడు, ఇద్దరం వెళ్ళాం. గుప్పెడంత ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళు, తోక లేదు, ముఖమంతా కళ్ళే. ఒక చెయ్యి ముందుకు చాపి, కొమ్మ పట్టు దొరికిందాకా ఆగి, అప్పుడు వెనక కాలు కదిపింది. పురుగును మాత్రం రెండు చేతులతో ఠక్కున పట్టేసింది. దాన్ని క్షుద్రపూజలకని పట్టుకుపోయి హింసించేవాళ్ళున్నారు. దెయ్యం కాదు, ఏమీ చెయ్యదు అని పిల్లలకి క్లాసులో బొమ్మ గీసి చెప్పాను. ఇప్పుడు వాళ్ళే ఇళ్ళల్లో చెప్తున్నారు.

పాకాల జంక్షన్:
రెండు తలల పాము కూడా వింత జంతువుల లెక్కేనా? మా బంధువొకాయన అది ఇంట్లో ఉంటే కోట్లు వస్తాయని అడ్వాన్సు కట్టి పోగొట్టుకున్నాడు.

తలకోన తమ్ముడు:
అది మామూలు మట్టి పాము, తోక మొద్దుగా ఉండి తలలాగా కనపడుతుంది. కొన్నా, అమ్మినా కేసే. ఎవరైనా ఆ మాట ఎత్తితే దూరంగా ఉండండి.

కలివికోడి:
నా పేరు చూస్తేనే నేనేం చెప్తానో తెలిసిపోతుంది. అయినా చెప్తాను, ఎందుకంటే ఈ చర్చకి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

కలివికోడి అనే పక్షిని శాస్త్రంలోకి ఎక్కించింది 1848లో. 1900లో అనంతపురం దగ్గర కనపడిందని రాశారు. ఆ తర్వాత దాని ఊసు లేదు. వెతికారు, దొరకలేదు, పోయిందని తేల్చారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. వెతికిన శాస్త్రవేత్త భరత్ భూషణ్. రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టి చూపించింది అక్కడ పిట్టలు పట్టుకుని బతికే ఐతన్న. ఆ పక్షి పగలంతా పొదల కింద కదలకుండా ఉండి, రాత్రి బయటికొస్తుంది. పగలు బైనాక్యులర్ పట్టుకుని తిరిగేవాళ్ళకి ఎందుకు కనపడుతుంది? రాత్రి అడవిలో తిరిగేవాడికి అది అపురూపం కాదు, తెలిసిన పిట్టే. అతన్ని అంతకుముందు అడిగి ఉంటే బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. దాని కోసం లంకమల అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. మళ్ళీ చాలా ఏళ్ళు ఎవరికీ కనపడకుండా పోయి, 2025 ఆగస్టులో దాని అరుపు రికార్డయింది.

లోడ్ అన్నకి ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. కలివికోడి కోసం పొదల మధ్య నేల చదును చేసి, మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక అడుగుల కోసం చూసేవాళ్ళు. జంతువు దొరక్కపోయినా దాని అడుగు దొరుకుతుంది. మోరీ కింద ఇసుకో బురదో ఉంటే పగటిపూట చూడండి. ఫోటో తీసేటప్పుడు పక్కన రూపాయి బిళ్ళో అగ్గిపెట్టో పెట్టండి, లేకపోతే సైజు తెలియదు. గోళ్ళ గుర్తు పడిందా లేదా అన్నది ముఖ్యం. చిరుత గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి అడుగులో పడవు.

మదనపల్లె లోడ్:
అందరికీ థ్యాంక్స్. నిన్న ఖాళీ బండితో పగలు వస్తూ ఆగాం. మోరీ కింద తడి ఇసుకలో అడుగులున్నాయి, గోళ్ళు స్పష్టంగా పడ్డాయి. ముందు పాదం పెద్దది, వెనక పాదం దానికంటే బాగా చిన్నది. పక్కనే పెంట కనపడింది, సున్నం ముద్దలాగా తెల్లగా, ఎండిపోయి ఉంది. ఇంకొంచెం కిందికి ఎవరో పారేసిన చచ్చిన దూడ ఎముకలు, లావు ఎముక కూడా విరిగిపోయి ఉంది. అలిపిరి అన్నా, తోక కుచ్చుగానే ఉందని క్లీనర్ తమ్ముడు గట్టిగా చెప్తున్నాడు.

కలివికోడి:
ఒక్క అడుగుల ఫోటో అయితే ఊరకుక్క అనే అవకాశం ఉందనేవాణ్ణి, కుక్క గోళ్ళూ పడతాయి. కానీ వాలు నడుము, జూలు, చారలు, తెల్ల పెంట, విరిచిన ఎముకలు అన్నీ కలిపి చూస్తే అది దుమ్ములగొండి, అంటే హైనా. ఎముకలు నమిలి అరిగించుకుంటుంది కాబట్టి పెంట అలా తెల్లబడుతుంది. భయపడితే జూలు నిక్కబొడుచుకుని ఒళ్ళు ఇంకా పెద్దగా కనపడుతుంది, మీరు చూసింది అదే. అంతరించిన జంతువు కాదుగానీ, మన వైపు కనపడటమే అరుదు. చచ్చిన గొడ్డును తిని శుభ్రం చేస్తుంది, మనిషిని చూస్తే తప్పుకుని పోతుంది. దానికి పెద్ద గండం మీ రోడ్డే అన్నా. దూడ రోడ్డుకి అంత దగ్గర్లో పడి ఉన్నన్నాళ్ళూ అది ఆ మలుపులో దాటుతూనే ఉంటుంది.

మదనపల్లె లోడ్:
ఇవాళ రేంజ్ ఆఫీసుకి వెళ్ళి ఫోటోలన్నీ ఇచ్చాను. నవ్వుతారేమోనని టెన్షన్ పడ్డాను గానీ, కూర్చోబెట్టి వివరంగా రాసుకున్నారు. దూడ కళేబరాన్ని లోపలికి దూరంగా లాగిస్తామన్నారు, కెమెరా పెట్టే సంగతి పైవాళ్ళని అడుగుతామన్నారు. ఆ మలుపు ముందు నుంచే గేరు తగ్గించమని మా లోడు డ్రైవర్లందరికీ చెప్పాను. ఎందుకని అడిగినవాళ్ళకి గొడ్లు అడ్డం వస్తున్నాయని చెప్తున్నా.

పాకాల జంక్షన్:
అయితే నాదీ ఒకటి అడుగుతాను. మా చెరువు కట్ట కింద తుమ్మల్లో తెల్లవారుజామున ఒక అరుపు వినపడుతోంది. ఊళ పెట్టినట్టు కాదు, సన్నగా ఈల వేసినట్టు, ఒకదానికొకటి జవాబు చెప్పుకున్నట్టు. మేకలవాళ్ళు రేసుకుక్కలు, అంటే అడవికుక్కలు అంటున్నారు. కొండకి ఇంత దూరం వస్తాయా? ఫోన్లో రికార్డు చేశాను, కానీ గాలి హోరు ఎక్కువుంది. ఎలా తియ్యాలో తెలిసినవాళ్ళు చెప్తే మళ్ళీ ప్రయత్నిస్తాను.