ఆర్కే బీచ్ సూర్యోదయాలకి స్టాక్ సైట్లలో డబ్బులొస్తాయా, దండగేనా?

తెల్లారి_బీచ్‌రోడ్డు:
ఆర్కే బీచ్, రుషికొండ, కైలాసగిరి, అరకు కలిపి 300 ఫోటోలున్నాయి. ఫోటోలు ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే స్టాక్ సైట్లు అడోబీ స్టాక్‌లోనూ షట్టర్‌స్టాక్‌లోనూ పెడదామనుకుంటే, ఏఐ వచ్చాక అదంతా దండగ అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక_లెన్సు:
దండగేనండి, లెక్క చూడండి. షట్టర్‌స్టాక్‌లో మొదటి 100 డౌన్‌లోడ్ల వరకు మీ వాటా 15 శాతం. డౌన్‌లోడ్లు పెరిగేకొద్దీ వాటా పెరిగే మెట్లుంటాయి, కిందామీదా పడి అవెక్కినా జనవరి 1కి మళ్లీ మొదటి మెట్టే. అడోబీ 33 శాతం ఇస్తుంది, కానీ 25 డాలర్లు పోగయ్యేదాకా డబ్బు చేతికి రాదు. డౌన్‌లోడుకు 30 సెంట్లు అనుకున్నా 84 డౌన్‌లోడ్లు కావాలి. పైగా అడోబీ ఏఐ బొమ్మల్ని కూడా తీసుకుంటోంది, ఏఐతో చేసిందని గుర్తు పెడితే చాలు. నారింజరంగు ఆకాశం, అలలు, కొబ్బరిచెట్టు కావాలన్నవాడు మీ ఫోటో దాకా ఎందుకొస్తాడు? అవే ఫోటోలు రుషికొండ వైపు హోటళ్లకి గోడమీదకని నేరుగా అమ్ముకోండి. వాడుక ఎక్కడికి, ఎన్నేళ్లకి అన్నది కాగితం మీద రాయించుకోండి.

జాలరిపేట_వల:
లెక్క సరే గురూగారూ, కారణమే తప్పు. సూర్యోదయాలు ఏఐ రాకముందూ గుట్టలుగా పడున్నాయి. అమ్ముడయ్యేది ఫలానా చోటు, ఫలానా పని. షట్టర్‌స్టాక్, అలాంటిదే ఇంకో సైటు గెట్టీ తమకు ఫోటోలిచ్చేవాళ్ల దగ్గర ఏఐ బొమ్మలు తీసుకోవు. చేపల ధర మీదో, తుపాను హెచ్చరిక మీదో వార్త రాసేవాడికి నిజమైన విశాఖ ఫిషింగ్ హార్బరే కావాలి.

అక్కడ తెల్లవారుజామున మర బోట్ల నుంచి చేపలు దించడం, బుట్టల్లో ఐసు కొట్టి వేయడం, వల బాగుచేస్తున్న చేతులు, ఇసుక మీద ఎండుచేపలు: ఒక్కో పనికీ మూడే ఫోటోలు పంపండి. ఒకటి దూరంగా, ఒకటి దగ్గరగా, ఒకటి నిలువుగా, పైన అక్షరాలకి ఖాళీ వదిలి. ఒకే కోణంలో ఇరవై పంపితే ‘ఒకేలా ఉన్నాయి’ అని తిప్పికొడతారు. కీవర్డుల్లో, అంటే కొనేవాళ్లు ఫోటోని వెతికే పదాల్లో, ‘చేప’ అని వదిలేయొద్దు. వంజరమైతే ఇంగ్లీషు పేరు, శాస్త్రీయ నామం రెండూ ఇవ్వండి. అడోబీలో 49 దాకా పెట్టొచ్చు గానీ వరసలో మొదటి పదికే బరువెక్కువ. ‘అందం’, ‘ప్రకృతి’ లాంటివి చివరికి నెట్టండి. నేవీ డాక్‌యార్డు వైపు మాత్రం లెన్సు తిప్పొద్దు.

గాజువాక_లెన్సు:
మరి ముఖాలో? ఒక్కో జాలరి దగ్గరా ఒప్పుకున్నట్టు సంతకం తెస్తారా?

జాలరిపేట_వల:
ప్రకటనలకి అమ్మాలంటే తేవాల్సిందే, సాక్షి సంతకంతో సహా. లేకపోతే ఎడిటోరియల్ కింద, అంటే వార్తలకీ వ్యాసాలకీ మాత్రమే వాడేలా, పంపాలి. వివరణలో ఊరు, దేశం, తేదీ, తర్వాత ఏం జరుగుతోందో ఒక్క వాక్యం. అడోబీ ఎడిటోరియల్‌లో గుర్తుపట్టగలిగే మనుషులు ఉండకూడదు, కాబట్టి ఇవి షట్టర్‌స్టాక్‌కో, అలమీ అనే సైటుకో వెళ్లాలి.

డార్క్‌రూమ్_డాబాగార్డెన్స్:
ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. బోటు నంబరు, బ్రాండు పేరు చెరిపేసి ఎడిటోరియల్‌లో పడేస్తారు. ఎడిటోరియల్‌లో ఏదీ చెరపకూడదు. కత్తిరింపు, వెలుతురు సర్దుబాటు వరకే. చెరిపారంటే అది కమర్షియల్‌కే, అంటే ప్రకటనలకే, అప్పుడు ముఖాలకి రిలీజ్, అదే ఆ సంతకం చేసిన ఒప్పుకోలు పత్రం, కావాలి. రెండు పడవల మీద కాళ్లు కుదరవు.

సముద్రం ఫోటోలు తిరిగొచ్చేది చాలావరకు మూడింటికి: వంగిన క్షితిజరేఖ, ఆకాశంలో సెన్సర్ దుమ్ము చుక్కలు, నీడల్ని ఎడిటింగ్‌లో వెలుతురులోకి లాగితే బయటపడే నాయిజ్, అంటే ఇసుకరేణువుల్లాంటి మచ్చలు. దుమ్ము, లెన్సు రంధ్రం బాగా చిన్నదయ్యే ఎఫ్/16 దగ్గర బాగా కనబడుతుంది, ఎఫ్/8 చాలు. పంపేముందు 100 శాతం జూమ్‌లో మూల నుంచి మూలకి చూడండి. ఉప్పు తుంపర లెన్సు మీద పడితే పొడిగుడ్డతో రుద్దొద్దు, గీతలు పడతాయి. ముందు గాలి ఊదే బ్లోయర్, తర్వాత లెన్సు తుడిచే ద్రావణం. మన ఊరి తేమకి లెన్సులో బూజు పట్టకుండా డ్రైబాక్సులో తేమ 40–50 శాతం దగ్గర ఉంచాలి.

తెల్లారి_బీచ్‌రోడ్డు:
డ్రోన్ ఫోటోలు కొన్ని ఉన్నాయి. పన్ను ఫారం సంగతేంటి?

డార్క్‌రూమ్_డాబాగార్డెన్స్:
మన ఊళ్లో నేవీ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా ఉంది. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో, అనుమతి లేకుండా ఎగరేయకూడని రెడ్ జోన్ ఎంతవరకో చూడకుండా ఎగరేయొద్దు, అనుమతి లేకుండా తీసినవి అమ్మకానికీ పెట్టొద్దు.

పన్నుకి డబ్ల్యూ-8 బెన్ అనే అమెరికా ఫారంలో పాన్ నంబరు రాసి, భారత్–అమెరికా ఒప్పందం కింద రాయల్టీకి 15 శాతం రేటు అడగాలి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా అమ్మకాల మీద 30 శాతం కోసేస్తారు.

గాజువాక_లెన్సు:
ఇంతా చేసి నెలకి ఎంతొస్తుందో ఎవరూ చెప్పలేదు చూశారా!

జాలరిపేట_వల:
మీరన్న 84 డౌన్‌లోడ్లకి ఏడాది పట్టినా పడుతుంది, కాదనను. కానీ హోటలు గోడకి అమ్మిన ఫోటో ఆ గోడకే. వాడుక హక్కు పూర్తిగా రాసిచ్చేయకపోతే అదే ఫోటో ఇక్కడా పెట్టుకోవచ్చు. ఆ 300లో సూర్యోదయాలు పది ఉంచి, మిగతా చోటు హార్బరు ఫోటోలకివ్వండి.