మఖలో పుట్టి పుబ్బలోనా, పుబ్బలో పుట్టి మఖలోనా?

ప్రశ్న:
మొన్న టీవీ చర్చలో ఒకాయన ఒక కొత్త పార్టీని "పుబ్బలో పుట్టి మఖలో మాడిపోయే పార్టీ" అన్నారు. పక్కనున్నాయన "మఖలో పుట్టి పుబ్బలో అనాలండీ" అని అందుకున్నారు. ఈలోగా బ్రేక్ వచ్చింది, తర్వాత ఇద్దరూ ఆ ఊసే ఎత్తలేదు. మా ఇంట్లోనూ రెండూ వినబడతాయి. ఇంతకీ ఏది సరైన రూపం?

జవాబు:
రెండూ వాడుకలో ఉన్నవేనండీ. అల్పాయుష్షు అని అర్థమవుతోంది కదా, చాలు. జాతీయాల్లో లాజిక్ వెతికితే తల బొప్పి కడుతుంది.

జవాబు:
మిగతావాటి సంగతేమో గానీ, దీంట్లో వెతకొచ్చండీ. మఖ, పుబ్బ రెండూ కార్తెలు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె. ఆకాశంలో సూర్యుడి దారిని 27 భాగాలు చేశారు. ఒక్కో భాగం 13 డిగ్రీల 20 నిమిషాలు. సూర్యుడు రోజుకు సుమారు ఒక డిగ్రీ జరుగుతాడు కనక ఒక్కో కార్తె 13, 14 రోజులు ఉంటుంది. మఖ కార్తె ఆగస్టు 16, 17 తేదీల్లో వస్తుంది, పుబ్బ 30, 31ల్లో. సెప్టెంబరు 13 నాటికి ఉత్తర కార్తె. మఖలో పుట్టింది పుబ్బలో పోయిందంటే రెండు మూడు వారాలు, మహా అయితే నాలుగు వారాలు బతికిందన్నమాట. అదే తిరగేసి చెప్పండి. పుబ్బలో పుట్టింది మళ్ళీ మఖ మొహం చూడాలంటే పదకొండు నెలలు ఆగాలి. ఈ కాలంలో కొత్త పార్టీకి అది దీర్ఘాయుష్షే!

మా వైపు ఈ మాటకు దీపం పురుగుల కథ చెబుతారు. ఆ కార్తెల్లో వాన వెలిసిన సాయంత్రం లైటు చుట్టూ ముసురుతాయి చూడండి, అవి. తెల్లారి చీపురు పట్టుకుంటే రెక్కలు మాత్రమే కుప్పగా వస్తాయి, పురుగుల్ని అప్పటికే చీమలు ఈడ్చుకుపోయి ఉంటాయి.

ప్రశ్న:
నాదో సందేహం. పంచాంగంలో రోజూ ఒక నక్షత్రం వేస్తారు కదా, అది చంద్రుడిది. ఆయన 27 రోజుల చిల్లరలో ఆకాశమంతా చుట్టి వస్తాడు కాబట్టి దాదాపు రోజుకో నక్షత్రం. ఇవాళ మఖ అయితే రేపు పుబ్బ. అలాగైతే "ఇవాళ పుట్టి రేపు పోయింది" అని అర్థం చెప్పుకోవచ్చు కదా?

జవాబు (పైన కార్తెల లెక్క రాసినవారు):
చెప్పుకోవచ్చు. అప్పుడు కూడా వరుస మాత్రం అదే. సూర్యచంద్రులిద్దరూ చుక్కల మధ్య పడమర నుంచి తూర్పుకే జరుగుతారు, ఎవరికైనా మఖ దాటాకే పుబ్బ. కానీ నాకిది సేద్యం మాటగానే తోస్తుంది. "మఖ పుబ్బలు వరుపైతే మహా ఎత్తున కరువు" అని ఇంకో సామెత ఉంది. వరుపు అంటే వాన మొహం చాటెయ్యడం. రెండు రోజులు చినుకు పడకపోతే కరువు రాదు, నెల రోజులు పడకపోతే వస్తుంది. కాబట్టి ఆ సామెతలో ఉన్నది సూర్యుడి మఖ పుబ్బలే.

రైతు చంద్రుణ్ణి పక్కనపెట్టి సూర్యుణ్ణి నమ్ముకోవడానికి కారణం ఉంది. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే. ఏటా 11 రోజులు వెనక్కి జారిపోతుంటే రెండున్నరేళ్ళు దాటాక ఒక అధికమాసం వేసి సర్దుతారు. అందుకే ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. "జ్యేష్ఠంలో విత్తు" అని పెట్టుకుంటే ఒక ఏడు ముందు, ఒక ఏడు వెనక. మృగశిర కార్తె అలా కాదు, ఏ ఏడైనా జూన్ 7 లేదా 8. హైదరాబాదులో చేపమందు పంచడం, ఆ రోజు చేపల మార్కెట్లో కిటకిట, అన్నీ ఆ తేదీకే. ఋతుపవనాలు మన దగ్గరికి వచ్చేది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే.

వ్యాఖ్య:
ఫిజిక్స్ మాస్టార్ని, ఊరుకోలేక రాస్తున్నాను. "సూర్యుడు జరుగుతాడు" అంటున్నారు గానీ జరిగేది మనం. భూమి తిరుగుతుంటే సూర్యుడి వెనకున్న చుక్కలు మారుతూ కనిపిస్తాయి. దీంట్లో ఒక తమాషా ఉంది: ఏ కార్తె నడుస్తుంటే ఆ చుక్క మనకు కనబడదు. రోహిణి కార్తెలో రోహిణి నక్షత్రాన్ని చూద్దామంటే కుదరదు, సూర్యుడి వెలుగులో మునిగిపోయి ఉంటుంది. మరి కార్తెల లెక్క కట్టినవాళ్ళు తెల్లవారుజామున ఏ చుక్క ముందు పొడుస్తోందో చూసి, కనబడనిది ఇదీ అని తేల్చుకుని ఉండాలి.

కార్తెలు కొన్ని 13 రోజులు, కొన్ని 14 ఎందుకంటే భూమి దారి సరిగ్గా గుండ్రం కాదు. జులై మొదట్లో మనం సూర్యుడికి బాగా దూరంగా ఉంటాం, నడక మందగిస్తుంది. అందుకే పునర్వసు కార్తె నిండా 14 రోజులు. జనవరిలో దగ్గరగా ఉంటాం, వడి పెరుగుతుంది, అప్పటి కార్తెలు 13 రోజుల్లో అయిపోతాయి. రోళ్ళు పగిలే రోహిణి ఎండలకు సూర్యుడు దగ్గరికి రావడం కారణం కాదని దీన్నిబట్టే తెలుస్తుంది, అప్పుడు మనం దూరంగా పోతున్నాం. హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది కూడా మే 9 ప్రాంతంలో. ఆ తర్వాత కూడా నేల కాగుతూనే ఉంటుంది, వాన పడేదాకా చల్లారదు. రోహిణికి చెడ్డపేరు అలా వచ్చింది.

ప్రశ్న:
మాస్టారూ, మరి ఈ కార్తెల తేదీలు ఎప్పటికీ ఇవేనా?

జవాబు (మాస్టారు):
కాదు. భూమి ఇరుసు బొంగరంలా మెల్లగా తల తిప్పుతుంటుంది, ఒక చుట్టుకు దాదాపు 26,000 ఏళ్ళు. దానివల్ల చుక్కల లెక్కన సంవత్సరం, ఋతువుల సంవత్సరం కంటే 20 నిమిషాలు ఎక్కువ. 72 ఏళ్ళకు ఒక రోజు తేడా. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో రాశాడు: ఒకప్పుడు ఆశ్లేష మధ్యలో మొదలైన దక్షిణాయనం తన కాలానికి పునర్వసుకు వచ్చిందని. ఇప్పుడు సూర్యుడు దక్షిణానికి మళ్ళే జూన్ 21, ఆరుద్ర కార్తె గుమ్మంలో పడుతోంది. ఈ లెక్కన వరాహమిహిరుడి నాటికి మృగశిర కార్తె ఋతువుల్లో మూడు వారాలు ముందుండేది, అంటే నడివేసవిలో. "మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుంది" లాంటి సామెతలు అంత పాతవి అయ్యుండవని నా ఊహ. గత కొన్ని వందల ఏళ్ళలో పుట్టి ఉండాలి.

వ్యాఖ్య:
బెంగళూరు నుంచి. ఇక్కడ కన్నడం రైతులు కార్తె అనరు, నేరుగా రోహిణి మళె, మృగశిర మళె అంటారు. మళె అంటే వాన.

వ్యాఖ్య:
తెలుగు టీచర్ని. అందరూ ఆకాశం చూశారు, చెవి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కార్తె సామెతలన్నీ శబ్దం మీద నడుస్తాయి. రోహిణికి రోళ్ళు, మృగశిరకు ముంగిళ్ళు, ఆరుద్రకు దారిద్ర్యం, "చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడును". ఇప్పుడు మన మాట పైకి చదవండి: పుబ్బలో పుట్టి, మఖలో మాడి. ప-ప, మ-మ. నోటికి ఇంపుగా ఉంది. "మఖలో పుట్టి పుబ్బలో మాడి" అంటే వరుస కుదిరింది గానీ జత తప్పింది. తిరగేసిన రూపం ఇంత పాకడానికి కారణం అదేననుకుంటాను. కార్తెలు రోజూ నోట్లో ఆడే ఇంట్లో ఈ తిరగేత చెవికి గుచ్చుకుంటుంది, తేదీల క్యాలెండర్ ఇంట్లో గుచ్చుకోదు. నేను పిల్లలకు "మఖలో పుట్టి పుబ్బలో పోయినట్టు" అని చెబుతాను. వరుసా దక్కుతుంది, రెండో సగంలో ప-పో కూడా దక్కుతుంది. పరీక్షలో ఎవరైనా తిరగేసిన రూపం రాస్తే మాత్రం మార్కు కొట్టెయ్యను.