పాత పొలంలో మిగిలిన ఈ గది వంటశాలా, బానిసల ఇల్లా?

నార్త్ కరోలినాలో డర్హమ్ దగ్గర మేము కొన్న పాత పొలంలో యజమానుల పెద్ద ఇల్లు ఎప్పుడో కాలిపోయింది. వెనకవైపు కట్టడాలు రెండు మిగిలాయి. ఒకటి మాంసం పొగబెట్టే కొట్టు: కిటికీ లేదు, దూలాలు మసిబారాయి, కింది దుంగలను ఉప్పు తినేసింది.

రెండోదే తేలడం లేదు. ఒకే గది, పైన అటక, ఓ పక్క ఇటుకల పొగగొట్టం. మనిషి వంగి దూరగలిగేంత పొయ్యి కనుక వంటశాల అనుకున్నాను. కానీ ఓ ఇటుక మీద వేళ్ల ముద్రలు స్పష్టంగా ఉన్నాయి. డర్హమ్ దగ్గరే ఉన్న పాత బానిసల ఎస్టేటు స్టాగ్‌విల్‌లో 1851 నాటి బానిసల ఇళ్ల ఇటుకల మీదా ఇలాంటివే ఉన్నాయి. అయితే ఇటుకలు చేసింది బానిసలే కనుక ఆ ముద్రలు ఎక్కడైనా పడవచ్చు. పైగా వంట చేసేవాళ్లను చాలాచోట్ల వంటశాల అటకలోనే ఉంచేవారు, అంటే రెండూ నిజం కావచ్చు! 1860 జనాభా లెక్కల్లో బానిసల ఇళ్ల సంఖ్య ఉంటుంది గానీ, ఏ ఇల్లు ఎక్కడుందో ఉండదు.

తెలిసినవారు చెప్పండి. పొయ్యి లోపల ఏ గుర్తులు వెతకాలి? చెట్టు వలయాలను బట్టి దుంగల వయసు తేల్చేవారిని ఎక్కడ అడగాలి? కప్పు కారుతోంది. ఈలోగా పైన రేకులు పరిస్తే పాత చెక్కకు హానా? మేస్త్రీ అయితే కూల్చేసి షెడ్డు వేద్దామంటున్నాడు.