రాజీవ్ గాంధీ చనిపోయిన రాత్రి మీరు ఎక్కడున్నారు? మీకు ఎప్పుడు తెలిసింది?

తణుకు_కుర్రాడు

పెద్దవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి. మా ఇంట్లో దీని మీద రెండ్రోజుల నుంచి గొడవ నడుస్తోంది. 1991 మే 21 రాత్రి అరుగు మీద మంచం వేసుకుని పడుకుని రేడియో వింటుంటే పదింటికల్లా రాజీవ్ గాంధీ పోయాడని చెప్పారు అంటాడు నాన్న. అమ్మేమో అదంతా ఉత్తిదే, మర్నాడు పొద్దున పాలవాడు వచ్చి చెప్పేదాకా మీరు గుర్రు పెట్టి నిద్రపోతూనే ఉన్నారు, నేనే లేపాను అంటుంది. నేను అప్పటికి పుట్టలేదు. నెట్‌లో చూస్తే బాంబు పేలిందే రాత్రి 10 గంటల 20 నిమిషాల ప్రాంతంలో అని ఉంది, మరి పదింటికి రేడియోలో ఎలా చెప్తారు? ఇదే మాట నాన్నతో అంటే నువ్వు చూశావా అని కసురుకున్నాడు. అసలు మన ఊళ్లకి ఆ వార్త ఎప్పుడు చేరింది, మీరు ఆ టైంలో ఎక్కడ ఉన్నారు, ఏం జరిగింది, గుర్తున్నది గుర్తున్నట్టు రాయండి.

రిటైర్డ్_టెలిఫోన్స్

బాబూ, మీ అమ్మగారి వైపే నా ఓటు. నేను అప్పుడు నెల్లూరులో ట్రంక్ ఎక్స్చేంజిలో ఆపరేటర్ని, ఆ రాత్రి నైట్ డ్యూటీ. ఇప్పటి పిల్లలకి ట్రంక్ బోర్డు అంటే తెలీదు కాబట్టి చెప్తున్నా, ఎదురుగా చిల్లుల చిల్లుల బోర్డు, చేతిలో ప్లగ్గున్న తీగ, చెవులకి హెడ్‌సెట్, ఎవరైనా కాల్ బుక్ చేస్తే టికెట్ రాసుకుని లైను దొరికినప్పుడు కలపడం. ఆపరేటర్ లేకుండా నేరుగా నంబరు తిప్పుకునే ఎస్టీడీ వచ్చేసినా పల్లెల కాల్స్ చాలావరకు మా మీదుగానే పోయేవి. మద్రాసుకి మాకు డైరెక్టు లైన్లు ఉండేవి, పదిన్నర దాకా మామూలుగానే ఉంది, వేసవి కదా ఫ్యాను కింద కూర్చుని మజ్జిగ తాగుతున్నాం. పదకొండు దాటాక అనుకుంటా, ఎవరికో లైను కలుపుదామని మద్రాసు ఆపరేటర్ని పిలిస్తే ఆవిడ నంబరు అడగకుండానే "సార్, శ్రీపెరంబుదూర్‌లో బాంబు, రాజీవ్ గాంధీ పోయారంటున్నారు" అంది. నేను తప్పు విన్నానేమో అని మళ్లీ అడిగా. ఆవిడ ఏడుస్తోంది.

ఆ తర్వాత ఇంక లైను దొరికితే ఒట్టు. అన్నీ లైట్నింగ్ కాల్సే, అంటే మిగతా అన్నిటికంటే ముందు కలపాల్సినవి. ఆర్డినరీ కంటే ఎనిమిది రెట్లు చార్జి, మామూలు రోజుల్లో ఎవరూ బుక్ చెయ్యరు, ఆ రాత్రి కలెక్టరాఫీసు, పోలీసులు, పేపర్ల వాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు. లైన్లో విన్నది బయట చెప్పకూడదని మాకు రూలు. గేటు బయట టీ కొట్టువాడికి అర్ధరాత్రికే ఎలా తెలిసింది అని మాత్రం నన్ను అడక్కండి.

ఊరు ఊరంతా తెలిసింది మాత్రం తెల్లారాకే. మాకు దగ్గర్లోని పల్లెలకి వెళ్లే పేపర్లు రాత్రి బస్సుకే ఎక్కేసేవి, వాటిలో ఆ వార్త లేదు, పొద్దున ఆకాశవాణి వార్తలు విన్నవాడే నలుగురికీ చెప్పాడు.

పెందుర్తి_పద్మ

మా వైజాగ్ వాళ్లకి ఇదో మానని పుండు. ఆ రోజు సాయంత్రం ఆయన మా ఊళ్లోనే ఉన్నాడు. ఒరిస్సాలో ప్రచారం చేసుకుని ఇటు వచ్చాడు, నేను ఇంటర్ చదువుతున్నా, నాన్న భుజాల మీద ఎక్కే వయసు కాదు కాబట్టి ఎవరి గోడో ఎక్కి చూశా. చూసింది ఎంతసేపు, కారు పోతుంటే ఒక తెల్ల లాల్చీ, చెయ్యి, అంతే. అయినా ఇంటికొచ్చి అందరికీ నన్నే చూసి నవ్వాడని చెప్పుకున్నా.

తర్వాత తెలిసిన సంగతి ఏంటంటే ఆయన విమానంలో ఏదో లోపం వచ్చింది, ఈ రాత్రికి కదలదు అన్నారట, ఆయన బస చేద్దామని ఎయిర్‌పోర్టు నుంచి వెనక్కి బయల్దేరాడు కూడా. దార్లో ఉండగా బాగైపోయిందని కబురొచ్చింది. వెనక్కి తిరిగి వెళ్లి తనే నడుపుకుంటూ మద్రాసు వెళ్లిపోయాడు, రాజకీయాల్లోకి రాకముందు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్ కదా. ఆ రిపేరు ఇంకో గంట లేటైనా ఆ రాత్రి మా ఊళ్లో పడుకునేవాడు. ఇప్పటికీ మా వీధిలో పెద్దవాళ్లు ఇది తల్చుకుని ఆ మెకానిక్కు ఎవడో గానీ అంటారు, పాపం ఆయన పని ఆయన చేశాడు, ఆయన్ననుకుని ఏం లాభం.

మాకు తెలిసింది మాత్రం పొద్దున్నే. నిన్న సాయంత్రం చూసిన మనిషి ఇవాళ లేడంటే నాన్న నమ్మలేదు, రేడియో తప్పు చెప్తోందేమో ఇంకో స్టేషన్ పెట్టు అంటాడు.

తెనాలి_దగ్గర

మా అక్క పెళ్లి మే 23 రాత్రి. ఆ ఏడు అధిక వైశాఖం వచ్చింది, ఏప్రిల్ మధ్య నుంచి నెల రోజులు ముహూర్తాల్లేక నిజ వైశాఖం రాగానే ఊరూరా పెళ్లిళ్లే, వంటవాళ్లు దొరకడమే కష్టం. 22 పొద్దున పందిరి వేసే వాళ్లు రావాలి, ఎనిమిదైనా రాలేదు, ఎందుకు రాలేదబ్బా అని మా బాబాయి సైకిలేసుకుని వెళ్లి అరగంటలో వెనక్కొచ్చి చెప్పాడు. నాయనమ్మ విని కూలబడిపోయింది, ఎందుకంటే ఆవిడకి రాజీవ్ గాంధీ అంటే ఇందిరమ్మ కొడుకు, అంతే, "తల్లిని అట్లా చంపిరి, బిడ్డని ఇట్లా చంపిరి" అని ఒకటే ఏడుపు. మా నాన్న మాత్రం గోడకానుకుని బస్సు అంటున్నాడు. మగపెళ్లివాళ్లకి బస్సు మాట్లాడింది మేమే, వాళ్లది గుడివాడ వైపు. బస్సు ఓనరు తాళం జేబులో వేసుకుని రోడ్డెక్కించనంటే ఎక్కించనన్నాడు, అద్దాలు పగిలితే నువ్విస్తావా అన్నాడు, ఆయన మాటలోనూ న్యాయముంది.

ఫోన్ల సంగతి పై ఆయన చెప్పారుగా, కబురు పంపడానికి దారి లేదు. పెళ్లి ఉందా వాయిదానా అని వాళ్లూ మేమూ ఎవరి ఊళ్లో వాళ్లం కూర్చున్నాం. దాంట్లో మళ్లీ మా మేనమామ తెలుగుదేశం మనిషి, ఇంటి మీద పసుపు జెండా, అది ముందు దించి మడత పెట్టి పప్పు డబ్బాలో దాచాం. అలా దాచాల్సి వచ్చినందుకు ఆయన మా మీద చాన్నాళ్లు గుర్రుగా ఉన్నాడు గానీ ఆ రెండు రోజులూ ఆ పార్టీ వాళ్ల ఇళ్ల మీద, షాపుల మీద పడి తగలబెట్టిన మాట అందరికీ తెలిసిందే. చంపింది ఎక్కడో శ్రీలంక పులులు, కాలింది ఇక్కడ తెలుగువాడి కొట్టు. దానికీ దీనికీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చివరికి 23 సాయంత్రం పెళ్లికొడుకు వాళ్ల బావ స్కూటర్ మీద అడ్డదారుల్లో కాలవ గట్టు పట్టుకుని వచ్చాడు, వెనక ఇంకో రెండు స్కూటర్లు, అంతే పెళ్లివారు. పెళ్లికొడుకు తలపాగా నిండా దుమ్ము. ఐదొందల మందికి తెచ్చిన వంకాయలు బస్తాల్లో అలాగే ఉన్నాయి. ఊళ్లో కుర్రాళ్లు వచ్చి బాజా వద్దండీ అన్నారు, సన్నాయి ఆయన డోలు ఆయన ఓ మూల ముడుచుకు కూర్చున్నారు. తాళి కట్టే టైంకి నాయనమ్మే లేచి "గట్టిమేళం లేకుండా పెళ్లేంట్రా, వాయించండి, నేను చెప్తున్నా" అంది. అంతసేపు ఇందిరమ్మ కొడుకని ఏడ్చిన మనిషి. ఆవిడ మాటకి ఎదురు చెప్పే దమ్ము ఆ కుర్రాళ్లలో ఎవరికీ లేదు. వాయించారు, తాళి పడగానే ఆపేశారు.

మర్నాడు 24న ఢిల్లీలో అంత్యక్రియలు దూరదర్శన్‌లో లైవ్ ఇచ్చారు. మా వీధికంతటికీ ఒకటే టీవీ, కొత్త పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూడా మధుపర్కాలతోనే వచ్చి జనంలో నేల మీద కూర్చుని చూశారు.

నల్గొండ_నర్సింహ

మా బాపు నన్ను తోల్కొని హైదరాబాద్ వచ్చిండు కండ్ల డాక్టర్ దగ్గరకి. 21 రాత్రి చుట్టాలింట్ల పండుకున్నం, పొద్దుగాల పోదమని గౌలిగూడ బస్టాండ్‌కు వచ్చినం. అప్పుడు ఇమ్లిబన్ బస్టాండ్ లేదు, గౌలిగూడలనే, ఆ పెద్ద రేకుల గుమ్మటం కింద. ఒక్క బస్సు కదుల్తలేదు. మందేమో కింద గోనె సంచులేసుకొని కూసున్నరు. నాకు ఒక కంటికి పట్టి ఉండె, ఇంకో కంటితోని చూస్తే ఆబిడ్స్ దిక్కుకెల్లి నల్లటి పొగ. ఎన్టీఆర్ సినిమా హాల్ కాలబెట్టిన్రు అని ఎవరో అన్నరు. బాపు గా మాట ఇనంగనే నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు, మళ్ల ఊరికి పోయేదాంక ఇడ్వలే, ఒంటేలుకు పోతానన్నా గుడ ఎంబడే వచ్చిండు.

గా రోజు మాకు నీళ్లిచ్చినాయన ఎవరో తెల్వదు, బకెట్ల నీళ్లు తెచ్చి గ్లాసు ముంచి అందరికిచ్చిండు. టోపీ పెట్టుకున్న పెద్దాయన, గాయన మొఖం యాదికున్నది.

టీనగర్_తెలుగు

మేం మద్రాసులోనే, పానగల్ పార్క్ దగ్గర. మాకు అర్ధరాత్రికే తెలిసింది, పక్క వాటాలో ఉండే ఆయన జనరల్ హాస్పిటల్లో పని చేస్తాడు, ఆయన్ని జీపొచ్చి తీసుకెళ్లింది. పార్థివ దేహాన్ని అక్కడికే తెచ్చారు, సోనియా గాంధీ, ప్రియాంక ఆ రాత్రే విమానంలో వచ్చారు, తెల్లవారకముందే ఢిల్లీ తీసుకెళ్లిపోయారు. మాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది ఏంటంటే చేసిందెవరో ఆ రోజు ఎవరికీ తెలీదు. 1984లో ఇందిరా గాంధీ పోయినప్పుడు ఢిల్లీలో సిక్కులకి ఏం జరిగిందో అందరికీ గుర్తే, ఇప్పుడు ఎవరి మీద పడతారో అని. అక్కడ డీఎంకే వాళ్ల మీద పడ్డారు.

ఇంకో మాట. ఈ మధ్య ఓ ఫంక్షన్లో మా చుట్టం ఒకాయన ఆ పేలుడు టీవీలో లైవ్ చూశానని చెప్తున్నాడు. ఎక్కడిదండీ లైవు! అక్కడికి వచ్చిన ఫోటోగ్రాఫర్ హరిబాబు కూడా ఆ పేలుడులోనే పోయాడు, అతని కెమెరా మాత్రం పాడవకుండా దొరికింది, ఆ రీలు కడిగితేనే గంధపు దండ పట్టుకున్న ధను, అదే ఒంటికి బాంబు కట్టుకొచ్చిన ఆవిడ, బొమ్మ బయటపడింది. ఆ ఫోటోలు తర్వాత పేపర్లలో వచ్చాయి. అవి చూసి చూసి ఈయన బుర్రలో సినిమా అయిపోయింది.

సైకాలజీ_మాస్టారు

పై చుట్టంగారిని ఏమీ అనకండి, ఆయన అబద్ధమాడట్లేదు. 1986లో అమెరికాలో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయినప్పుడు ఉల్రిక్ నైసర్ అనే ఆయన మర్నాడే తన స్టూడెంట్ల చేత "ఈ వార్త మీకు ఎక్కడ, ఎలా తెలిసింది" అని రాయించుకున్నాడు. రెండు మూడేళ్లాగి వాళ్లనే మళ్లీ అడిగితే చాలామంది వేరే కథ చెప్పారు, అదీ పూర్తి నమ్మకంతో. సొంత చేతిరాత చూపించినా కొందరు ఒప్పుకోలేదు. కాబట్టి తణుకు బాబూ, రేడియో విన్నమాట నిజమే అయ్యుండొచ్చు, అది 22 రాత్రి విన్నదేమో, మీ నాన్నగారి బుర్ర దాన్ని ఒక రోజు ముందుకు జరిపిందేమో. మనిషికి అంత పెద్ద వార్త నిద్రలో తప్పిపోయిందంటే నచ్చదు.

తణుకు_కుర్రాడు

అందరికీ థాంక్స్ అండి. ఇదంతా నాన్నకి చదివి వినిపించా. ఇప్పుడు ఆకాశవాణి కాదు బీబీసీ హిందీ అంటున్నాడు. మీకు హిందీ ఎప్పుడొచ్చిందండీ అని అమ్మ.

పోలింగ్_పంతులు

ఆలస్యంగా చూశాను. నేను విశాఖ జిల్లాలో సర్కారు బళ్లో టీచర్ని, ఎలక్షన్ డ్యూటీ పడి ట్రైనింగ్ కూడా అయిపోయింది. మే 20న దేశంలో ఒక విడత జరిగింది, మిగతావి అన్నీ జూన్ 12, 15 తేదీలకి వాయిదా వేశారు, సెలవులన్నీ దానికే సరి. జూన్‌లో మళ్లీ బ్యాలెట్ డబ్బాలు, లక్క, సిరా సీసా, కొవ్వొత్తులు అన్నీ లెక్క చూసుకుని లారీ ఎక్కాం. కొండ కింద ఊరు. పొద్దున్నే ఆడవాళ్లు పెద్ద లైను కట్టారు. ఒక ముసలమ్మ వేలు సిరా కోసం చాపి, "బాబూ, ఆ సచ్చిపోయిన అబ్బాయికి ఎక్కడ గుద్దాలి" అంది. ఏజెంట్లు అందరూ నా మొహమే చూస్తున్నారు, నోరు తెరిస్తే నా ఉద్యోగం పోతుంది. బయట గోడకి బొమ్మలున్నాయి చూసుకో అమ్మా అన్నా. బయటికెళ్లి చూసుకుని మళ్లీ లైన్లో మొదట్నుంచి నిలబడింది.

అలా అడిగినవాళ్లు ఆవిడ ఒక్కర్తే కాదు. ఆ ఓట్లతో వచ్చిన గవర్నమెంటుకి ప్రధాని అయిందేమో మన పీవీ, ఆయన ఆ ఎన్నికల్లో నిలబడనే లేదు, పుస్తకాలు సర్దుకుని ఢిల్లీ ఖాళీ చేసేద్దామనుకుంటున్న మనిషి. జూన్ 21న ప్రమాణం చేశాక నవంబర్లో నంద్యాల ఉప ఎన్నికలో నిలబడి ఐదు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచాడు. దానికి డ్యూటీ చేసిన టీచర్లు ఎవరైనా ఇక్కడుంటే రాయండి, ఆ లెక్కింపు ఎలా చేశారో నాకు తెలుసుకోవాలని ఉంది.